పన్నెండు రాజ్యాల నడిమి కథ: ఒక సమీక్ష రాసిన అనుభవం

అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌ల మీద అప్పుడప్పుడు రాస్తుంటానని తెలిసి ఒక చిన్న తెలుగు పత్రిక సంపాదకుడు 'ట్వెల్వ్ కింగ్‌డమ్స్' మీద సమీక్ష అడిగారు. మొదటి భాగాల గురించి ఇదివరకే వేరే ఎవరో రాశారట. నన్ను నడిమి భాగాల గురించి రాయమన్నారు. నాకు ప్రాణమైన సిరీస్, వెంటనే ఒప్పుకున్నాను. కానీ నడిమి భాగాల మీద రాయడం ఎంత చిక్కో కాగితం ముందు కూర్చున్నాకే తెలిసింది. మొదలు గురించి రాసేవాళ్లు ఊరించి వదిలేయొచ్చు. ముగింపు గురించి రాసేవాళ్లు తీర్పు చెప్పేయొచ్చు. మధ్యలో ఉన్నవాళ్లు తెలియనివారికి జరిగిన కథ చెప్పాలి, తెలిసినవారికి విసుగు పుట్టించకూడదు, పైగా జరగబోయేది బయటపెట్టకూడదు.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫుయుమి ఓనో నవలల ఆధారంగా స్టూడియో పియెరో తీసిన సిరీస్ ఇది. మనవాళ్లకి 'నరుటో' తీసిన స్టూడియో అంటే ఠక్కున తెలుస్తుంది. 2002, 2003లలో జపాన్‌లో ఎన్‌హెచ్‌కే ప్రసారం చేసింది. మొత్తం 45 భాగాలు. జపాన్‌లో హైస్కూలు చదివే యోకో అనే అమ్మాయి పన్నెండు రాజ్యాలున్న మరో లోకంలో పడి, చివరికి తాను కే రాజ్యానికి రాజునని తెలుసుకుంటుంది. ఆ లోకంలో రాజుని ఎంచేది కిరిన్ అనే దివ్యమృగం. రాజు దారి తప్పితే కిరిన్‌కి జబ్బు చేస్తుంది, కిరిన్ చనిపోతే రాజు కూడా ఎన్నాళ్లో బతకడు. ఇది మొదటి 14 భాగాల కథ. 15 నుంచి 21 దాకా తైకి అనే పసి కిరిన్ కథ నడుస్తుంది. 22వ భాగం వంతెనలాంటిది. 23 నుంచి 39 దాకా ఉన్నది నా వంతుకి వచ్చింది.

మొదటి తలనొప్పి పేర్లు. షోకే ఒక రాకుమారి. షోకో జనాన్ని పీడించే అధికారి. కోషో ఆ అధికారి మీద తిరగబడ్డ మనిషి. రాజ్యం పేరు కే, దాని కిరిన్ పేరు కేకి, పల్లెలో ఉండే పసివాడి పేరు కేకే. తెలుగులో రాసి చూసుకుంటే నాకే కళ్లు తిరిగాయి. అందుకని సమీక్షలో తప్పనిసరి పేర్లు మాత్రమే ఉంచి, మిగతావాళ్లని 'ఆ అధికారి', 'పల్లెలో ముసలాయన' అంటూ వాళ్ల పనితోనే చెప్పాలని నిర్ణయించుకున్నాను. ఆ ఒక్క నిర్ణయంతో సగం టెన్షన్ తగ్గింది.

రెండోది, ఈ కథకి ఒక్క నాయిక కాదు, ముగ్గురున్నారు. రాజైన యోకోకి తన దర్బారులో ఏం జరుగుతోందో తెలియదు. తన ముందు కే రాజ్యాన్ని ఏలింది కూడా స్త్రీయే. ఆవిడ తన కిరిన్ మీద మోహంతో, అసూయతో రాజ్యంలోని ఆడవాళ్లందరినీ వెళ్లగొట్టింది. అందుకే మళ్లీ ఆడరాజా అని మంత్రులు నిట్టూరుస్తుంటారు. రెండో అమ్మాయి సుజు. జపాన్‌లో మెయిజీ కాలంలో (1868-1912) పేదింట్లో పుట్టి, పనికి అమ్ముడుపోయి, రెండు లోకాల్నీ కలిపే తుపానులాంటి ఉత్పాతంలో చిక్కుకుని ఈ లోకంలో పడింది. మూడోది షోకే. హో అనే రాజ్యపు రాజు కూతురు. తండ్రి కఠిన శాసనాలతో లక్షలమందిని చంపించాడు. సామంతులు తిరగబడి తల్లిదండ్రుల్ని ఆమె కళ్లముందే చంపారు. ఇప్పుడు పల్లెలో అనాథలా బతుకుతోంది.

ముందు భాగాల వారీగా నోట్సు రాసుకున్నాను. ఈ భాగంలో సుజు ఓడ ఎక్కింది, ఆ భాగంలో షోకే నగలు దొంగిలించి పారిపోయింది, ఇంకో భాగంలో యోకో మారువేషంలో పల్లెకి వెళ్లింది. అంతా నిజమే, కానీ సమీక్షలో చెప్పాల్సింది అది కాదు. అందుకే కాగితాన్ని నిలువుగా మూడు గళ్లు చేసి, ఒక్కో అమ్మాయి కథని విడివిడిగా చూసుకుంటూ వచ్చాను. షోకేని గమనిస్తున్నప్పుడు సుజు సన్నివేశాలు దాటేశాను, సుజుని గమనిస్తున్నప్పుడు షోకేవి. అలా చూస్తేనే ఈ కథ దేని మీద నిలబడిందో నాకు పట్టుబడింది.

సుజు సంగతి చూడండి. ఆ లోకంలో ఆమెకి భాష రాదు. సిద్ధుల, అంటే వయసు మీదపడని అమరుల జాబితాలో పేరు చేరినవాళ్లకి మాత్రం అందరి మాటా అర్థమవుతుంది. ఆ ఒక్క వరం కోసం రియో అనే సిద్ధురాలి దగ్గర వందేళ్లు ఊడిగం చేస్తుంది. రోజూ తిట్లు తింటుంది గానీ వదిలిపోదు. పోతే మళ్లీ మాట తెలియని మనిషైపోతుంది మరి. పరాయిచోట భాష రాక నోరు కట్టేసుకున్న ఎవరికైనా ఈ భయం అర్థమవుతుంది. చివరికి సాయ్ రాజ్యపు రాణి ఆమెని విడిపించి, దయగా మంచి మాటలు చెప్పి పంపుతుంది. సుజుకి అవి ఎక్కవు. ఎక్కేది ఓడలో. సేషూ అనే చిన్న పిల్లాడు, తలకి దెబ్బతగిలి రోజురోజుకీ క్షీణిస్తున్నవాడు, నువ్వొక్కదానివే కష్టపడ్డట్టు ఏడుస్తావేంటని ముఖం మీదే అడిగేస్తాడు. ఆమె మొదట మండిపడుతుంది. తర్వాత వాడినే మోసుకుని తిరుగుతుంది.

షోకే కథా అంతే. క్యో రాజ్యాన్ని ఏలే అమ్మాయి ఆమెని పనిమనిషిగా పెట్టుకుని కటువుగా బుద్ధి చెబుతుంది. ఫలితం శూన్యం, నగలతో సహా ఉడాయిస్తుంది. ఆమె కళ్లు తెరిపించేది ఎలుక రూపంలో తిరిగే రకుషున్. అతను హంజూ, అంటే సగం మనిషి, సగం మృగం. తన సొంత రాజ్యంలో చదువుకీ భూమికీ నోచుకోనివాడు. నాకేమీ తెలియదు, ఎవరూ చెప్పలేదు అని ఆమె తన గోడు వెళ్లబోసుకుంటే, రాకుమారివై ఉండి తెలుసుకోకపోవడమే నీ తప్పు కదా అంటాడు. గొంతు పెంచడు, కోప్పడడు. అన్నం తింటూ మాట్లాడుకున్నట్టు ఉంటుంది ఆ సంభాషణ. ఈ 17 భాగాల్లో కత్తి ఝళిపించిన సన్నివేశాలన్నిటికన్నా నాకు ఇదే బలంగా తగిలింది.

అప్పుడు దొరికింది నా సమీక్షని కట్టే సూత్రం. పైనున్నవాళ్లు చెప్పిన నిజం ఈ అమ్మాయిలకి చేరలేదు. తమకన్నా కింద ఉన్నవాళ్లు చెప్పినప్పుడే చేరింది. ఆ మాటతోనే సమీక్ష మొదలుపెట్టాను. యోకోకి మాత్రం ఇది పూర్తిగా నప్పదు. ఆమె మాటలు విని మారడం తక్కువ, చూసి మారడం ఎక్కువ. పంటలో పదింట ఏడు వంతులు పన్ను కట్టే ఊళ్లని, పిల్లాడి మీదుగా బండి తోలించుకుపోయే అధికారిని కళ్లారా చూస్తుంది. నప్పనిదాన్ని బలవంతంగా నప్పించకుండా, ఆ తేడాని ఉన్నదున్నట్టే రాశాను.

లోపాల గురించి కూడా రాయాలి కదా. యుద్ధ సన్నివేశాల్లో బొమ్మ చాలాచోట్ల నిలిచిపోయినట్టు ఉంటుంది. అసానో అనే కుర్రాడు నవలల్లో లేడు, అనిమే కోసం చేర్చిన పాత్ర. మొదటి భాగాల్లో యోకోకి తోడుగా అతను పనికొచ్చాడు. ఇక్కడ మళ్లీ తెచ్చేసరికి ముగ్గురమ్మాయిల కథ మధ్య కాలికి అడ్డం పడుతుంటాడు. ఈ పేరా రాయడానికి మనసొప్పలేదు, ఎంతో ఇష్టమైన సిరీస్ మరి. కానీ పాఠకుడు అక్కడికి వచ్చేసరికి తనంతట తానే గమనిస్తాడు. నేను దాచినందుకు నా మిగతా మాటలు కూడా నమ్మడు.

స్పాయిలర్ల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ అధికారి మీద జరిగే తిరుగుబాటు ఎలా తేలిందన్నది వదిలేశాను. చివర యోకో జారీచేసే మొదటి శాసనాన్ని మాత్రం చెప్పక తప్పలేదు. తన ముందు ఎవరూ నేలకి తలవంచి సాగిలపడనక్కర్లేదని శాసిస్తుంది. అంతకుముందు సుజు, షోకే ఎంతమంది ముందు సాగిలపడ్డారో, యోకోకి ఆ వంగిన తలలు చూసి ముఖాలు ఎలా తెలియకుండా పోయాయో చూసినవాళ్లకే ఆ శాసనం విలువ తెలుస్తుంది. ముందే తెలిసినంతమాత్రాన దాని బరువు తగ్గదని నా నమ్మకం.

పంపాక సంపాదకుడు ఒకే ప్రశ్న వేశారు. "ముందు భాగాలు చూడకుండా నేరుగా 23 నుంచి మొదలుపెట్టొచ్చా అండీ?" తైకి కథని తర్వాతైనా చూసుకోవచ్చు, మొదటి 14 మాత్రం తప్పవన్నాను. అందరి దగ్గరా మంచిపిల్ల అనిపించుకోవాలని తాపత్రయపడ్డ యోకోని చూడకపోతే, దర్బారులో మంత్రుల ముఖాలు చూస్తూ నోరుమెదపని రాజు అర్థం కాదు. 22 కూడా చూడాలి. అందులో వెండి తినే పక్షి ఒకటి యోకోకీ రకుషున్‌కీ మధ్య కబుర్లు మోస్తుంది. ఇద్దరూ ఎవరి కష్టం వాళ్లు దాచుకుని, బాగానే ఉన్నామని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ అబద్ధాలు వినివుంటే 23లో ఆమె ఒంటరితనం వేరుగా కనిపిస్తుంది. నా జవాబుని ఆయన సమీక్ష చివర కలిపి, ఏ భాగాలు ఏ వరుసలో చూడాలో చెబుతూ అచ్చువేశారు.