సుత్తికి కూడా బ్రాండేటండీ

నిన్న శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర టూల్స్ షాపులో కంపెనీ సుత్తి పట్టుకుని కొందామా వద్దా అనీసి అరగంట నిలబడ్డాను, ఆఖరికి అక్కడే పెట్టీసి వచ్చీసాను. కొలిమి దగ్గర చేయించింది పదేళ్లుగా బాగానే కొడతంది కదా. బోల్టుకి తొడిగి తిప్పే 10 నంబర్ సాకెట్ కూడా అంతే, ఎంత పెట్టి కొన్నా ఇంజన్ సందులో పడి మాయమైపోతాది (మా గుంటడు ఇప్పటికే రెండు పారీసాడు). ఆ సాకెట్‌ని తిప్పే పిడి, అదే రాచెట్ దగ్గర మాత్రం తగ్గను, లోపల చక్రానికి 72 పళ్లున్నదైతే 5 డిగ్రీలు తిప్పితే చాలు పట్టేస్తాది, 24 పళ్లదానికి 15 డిగ్రీలు కావాలి, ఆ ఇరుకులో చెయ్యే తిరగదు. బ్రేక్ పైపు నట్టుకీ మంచి పానాయే ఉండాలి, ఓసారి కక్కుర్తిపడి మామూలుది వేస్తే మూలలు అరిగిపోయి పైపు మొత్తం మార్చాల్సొచ్చింది, ఆ డబ్బులు నా జేబులోంచే పోయాయి.