ముప్పావు అంగుళం, ఏప్రిల్ మూడు

మా బాబాయికి చెన్నైలో ప్యారిస్ కార్నర్ దగ్గరి సందులో పైపు ఫిట్టింగుల దుకాణం ఉంది. లెక్కలు చూసేది నేను. 2025 మార్చి ఆఖరులో సరుకు జాబితాను కొట్లో కుర్రవాడు ఎక్సెల్‌లో ఎక్కించి పంపాడు. తెరిచి చూస్తే కొలతల కాలమ్ నిండా తేదీలే!

3/4 అని కొట్టిన ముప్పావు అంగుళం ఎల్బోలు (పైపు మలుపు ముక్కలు) ఏప్రిల్ మూడుకు చేరాయి. అరంగుళం సాకెట్లు ఫిబ్రవరి ఒకటి. ఒకటిన్నర అంగుళాన్ని పాపం 1-1/2 అని కొట్టాడు, అది 2002 జనవరి ఒకటికి వెళ్లి కూర్చుంది. ఒకటింపావు టీ (T ఆకారపు ఫిట్టింగు) 2004లో ఉంది.

బాబాయి కళ్లజోడు సర్దుకుని, "ఎల్బోలకు గడువు తేదీ వేశారేమిటమ్మా, మనదేమైనా మందుల షాపా?" అన్నాడు.

తెలిసినదాన్నే కదా అని కాలమ్ మొత్తం ఎంచి ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మార్చాను. ఏప్రిల్ మూడు పోయి 45750 వచ్చింది. ఎక్సెల్ 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని రోజులు లెక్కిస్తుంది, గడిలో దాచేది ఆ అంకెనే. అంటే ఎంటర్ నొక్కిన మరుక్షణమే మన 3/4 పోయిందన్నమాట. టెక్స్ట్ ఫార్మాట్ ముందే పెట్టాలి, తర్వాతే కొట్టాలి. ఒకటి రెండు గడులే అయితే ముందు ఒక అపాస్ట్రఫీ కొడితే చాలు, అది గడిలో కనిపించదు.

అన్డూ చేసి తేదీలు వెనక్కి తెచ్చుకున్నాను. రోజు, నెల అంకెలు అందులోనే ఉన్నాయి కనుక డే, మంత్ ఫంక్షన్లతో విడదీసి మధ్యలో గీత పెట్టి అతికిస్తే 3/4 తిరిగి వచ్చింది. 2002, 2004లలోకి వెళ్లినవాటిని మాత్రం చేత్తోనే దిద్దాను. సున్నా, ఖాళీ, ఆపైన 3/4 కొడితే భిన్నంగా నిలుస్తుంది గాని లోపల అది 0.75. ఎల్బో కొలతలను నేను కూడేదేముంది, అక్షరాలుగా ఉంటేనే నయం.

2023లో ఈ మార్పిడిని ఆపే సెట్టింగు ఒకటి ఇచ్చారు, ఆప్షన్స్‌లో డేటా కింద ఉంటుంది. ఆశగా వెళ్లి టిక్కు తీశాను. అది జాన్1 (JAN1) లాగా అక్షరమూ అంకే అతుక్కుని ఉన్నవాటికే. గీత ఉన్న మా 3/4 మళ్లీ ఏప్రిల్‌కే పోయింది! ఈ బాధ జన్యు శాస్త్రవేత్తలకూ ఉండేది. మార్చ్1 అనే జన్యువు పేరు మార్చి ఒకటిగా మారిపోతోందని 2020లో దాన్ని మార్చ్ఎఫ్1 చేశారు. ఆ మాట చెబితే బాబాయి, "వాళ్లు మార్చుకున్నారు సరే, మన ప్లంబర్లకు ఎవరు చెబుతారు?" అన్నాడు.

చివరికి జాబితా అంతా సరిచూస్తుంటే అడుగున ఒక్క గడి ముట్టుకోకుండా ఉంది. అంకె కొట్టడానికి బద్ధకించాడో ఏమో, కుర్రవాడు అక్కడ తన తమిళంలో 'ముక్కాల్', అంటే ముప్పావు, అని రాసేశాడు.