జాన్సన్ మాస్టారి ఊళ్లో

టెక్సాస్‌లోని ఆస్టిన్ నుంచి పడమటికి కారులో గంటకు పైగా వెళ్తే స్టోన్‌వాల్ వస్తుంది. అమెరికా 36వ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పుట్టిందీ పోయిందీ ఇక్కడే, పెడర్నాలెస్ నది ఒడ్డున. విజిటర్ సెంటర్‌లో పర్మిట్ ఉచితంగా ఇస్తారు. అది తీసుకుని మన కారులోనే ఆయన రాంచ్ (పశువుల్ని పెంచే పొలం) అంతా తిరగొచ్చు. ఆయన ఇంటి లోపలికి మాత్రం వెళ్లనివ్వలేదు, మరమ్మతులట.

నేను ఎక్కువసేపు ఆగింది జంక్షన్ స్కూలు దగ్గర. ఒకే ఒక్క గది బడి. నాలుగేళ్ల లిండన్, టీచరమ్మ కేట్ డెడ్రిక్ ఒళ్లో కూర్చుంటే గానీ పాఠం చదివేవాడు కాదట. 1965 ఏప్రిల్ 11న ఆవిణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని, ఈ బడి బయటే బల్ల వేసుకుని, పేద పిల్లల చదువుకు కేంద్రం నిధులిచ్చే చట్టం మీద సంతకం పెట్టారు. ఫోటోల కోసం వేసిన సెట్టింగే, కాదనను. కానీ ఆ పేద పిల్లల్ని ఆయన నిజంగా చూశారు. డబ్బుల్లేక కాలేజీ చదువు మధ్యలో ఆపి, 1928లో కొటుల్లా అనే ఊళ్లో మెక్సికన్ పిల్లల బడిలో పంతులుగా చేరారు. మొదటి జీతంలోంచి వాళ్లకు ఆటసామాను కొన్నారు. పొద్దున ఏమీ తినకుండా బడికొచ్చే ఆ పిల్లల గురించి 1965 మార్చిలో, ఓటు హక్కు బిల్లు కోసం చేసిన ప్రసంగంలో పార్లమెంటు సభ్యులందరికీ చెప్పారు.

అదే ఏడాది అక్టోబరులో వలస చట్టం మార్చారు. అంతకు ముందు భారతీయులకు ఏడాదికి 100 మంది కోటా. మన తెలుగువాళ్లు ఇంతమంది ఇక్కడ ఇళ్లు కొనుక్కుని ఉన్నారంటే మూలం ఆ సంతకమే.

అలాగని దండం పెట్టేయలేను. వియత్నాం యుద్ధం సంగతి అందరికీ తెలిసిందే. మనకు కరువొచ్చినప్పుడు పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం కింద వచ్చే గోధుమల్ని కొద్దికొద్దిగా విదిల్చిందీ ఈయనే. ముందు మీ వ్యవసాయం బాగుచేసుకోండి అని షరతు పెట్టి, పాఠం అప్పజెప్పేదాకా ఇంటికి పంపని మాస్టారిలా కూర్చున్నారు. వియత్నాం మీద మనం విమర్శించామన్న కోపమూ అందులో ఉంది.

రాంచ్‌లో ఆయన నీలం రంగు ఆంఫీకార్ కూడా ఉంది. నీళ్లలోనూ నడిచే కారు. తెలియని అతిథుల్ని ఎక్కించుకుని, బ్రేకులు ఫెయిలయ్యాయని అరుస్తూ నేరుగా చెరువులోకి దింపేవారట. మా ఆవిడకి రాంచ్ మొత్తంలో నచ్చింది ఆ కారొక్కటే.