ఆదివారం, మాయా శశిరేఖ

పొద్దున్నుంచీ ఒకటే వాన. చిక్కడపల్లిలో మా ఇంట్లో కరెంటు పోయి వచ్చేసరికి నాన్న ‘మాయాబజార్’ పెట్టారు. 1957 నాటి సినిమా, ఎన్నిసార్లు చూశామో లెక్కే లేదు. ఈసారి ‘అహ నా పెళ్ళియంట’ దగ్గరే ఆగిపోయాను. పాట మధ్యలో ఘంటసాల గొంతు రాగానే సావిత్రి చూపు, నడక ఘటోత్కచుడివైపోతాయి. మరుక్షణం మళ్లీ సిగ్గుపడే శశిరేఖ! మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. నా దృష్టిలో తెలుగులో ఇంతకు మించిన నటన లేదు.

మొన్న మల్టీప్లెక్స్‌లో చూసిన యాక్షన్ సినిమా ఇంటర్వెల్ తర్వాత సాగింది, అంతే.

రాత్రి ‘అమృతం’ రెండు ఎపిసోడ్లు. 2001లో జెమినీలో మొదలైన సీరియల్. అమృతరావు, ఆంజనేయులు కొత్త ప్లాన్ వేస్తే ఇప్పటికీ అమ్మకు టెన్షనే. పదకొండు దాటింది, రేపు ఆఫీసుంది. అయినా మూడోది పెట్టాం.