పిన్నీసులు, పల్లేరుకాయలు

రేసు సైకిలుకు గంట ఉండదు. ఈ సంగతి నాకు నలభై రెండో ఏట, టెక్సస్‌లో, డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న గోదాముల వీధుల్లో ఒక మంగళవారం సాయంత్రం అర్థమైంది. గుంటూరులో నేను సైకిలు నేర్చుకున్నదే గంట మీద. పట్నంబజారులో సందు కనిపిస్తే గంట కొట్టి దూరిపోవడమే. అవతలివాడు "కళ్ళు కనపడటం లేదా?" అంటే "నీకు కనపడుతున్నాయిగా, తప్పుకో" అని ముందుకు సాగిపోవడం. ఇద్దరమూ మలుపు తిరిగేలోగా ఆ గొడవ మరచిపోయేవాళ్ళం.

సైకిలు మళ్ళీ ఎక్కడానికి కారణం రక్తపరీక్ష కాగితం మీద చక్కెర అంకె. ఆరునెలలు ఒంటరిగా తొక్కాను. బలం వచ్చింది, దాంతోపాటు గర్వమూ వచ్చింది. ఒక్కరోజుకు చెల్లే లైసెన్సు తీసుకుని, కొత్తవాళ్ళ విభాగంలో పేరు ఇచ్చాను. టీవీలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు చూసి నేర్చుకున్న మర్యాద ఒకటి అప్పటికే మనసులో ఉంది. 2022లో పిరనీస్ కొండల దిగుడులో పోటీదారు పొగాచర్ పడిపోతే, రేసులో అందరికన్నా ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీలో ఉన్న వింగెగార్డ్ వేగం తగ్గించి అతను వచ్చేదాకా ఆగాడు. పొగాచర్ వచ్చి చెయ్యి కలిపాడు. సైకిల్ రేసంటే పెద్దమనుషుల ఆట అనుకున్నాను.

ఆ సాయంత్రం నన్ను మొదట మందలించింది మనిషి కాదు, జెర్సీకి గుచ్చుకునే నా నంబరు కాగితం. నాలుగు మూలలకూ నాలుగు పిన్నీసులు పెట్టి వెళ్ళాను. బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ కళ్ళద్దాల మీదుగా చూసి, "గాలికి తెరచాపలా ఉబ్బుతుంది, ముగింపు గీత దగ్గరి కెమెరాకు కనపడదు, ఎనిమిది పెట్టు" అని మరో నాలుగు చేతిలో వేసింది. వెన్ను మీద కాదట, కెమెరా ఉన్న వైపు పక్కటెముకల దగ్గర పెట్టాలట. మా అమ్మ గాజులకు ఎప్పుడూ రెండు పిన్నీసులు వేలాడుతుండేవి. వాటి విలువ అంత ఆలస్యంగా తెలిసింది.

ఇక రేసు. నలభై నిమిషాలు, ఒకే చుట్టు మళ్ళీ మళ్ళీ, నాలుగు మలుపులు. మొదటి మలుపులోనే బ్రేకు నొక్కాను. వెనకనుంచి ఒక అరుపు. రెండో మలుపులో లోపలివైపు సందు కనిపించింది, పట్నంబజారు బుద్ధి పోలేదు, దూరాను. ఈసారి మూడు అరుపులు. "నీ దారిలో నువ్వుండు!" అన్నదొక్కటే మర్యాదగా రాయగలిగింది. అయిదో చుట్టుకల్లా గుంపు తోకలో ఉన్నాను, పదో చుట్టుకు అదీ లేదు.

ఇంటికి వస్తూ కారులో ఒకటే ఆలోచన: రంగు చూసి అరిచారా? అలాంటిది ఈ దేశంలో ఉండదని నేను అనను, చవిచూసినవాణ్ణే. కానీ ఆ సాయంత్రం నాకంటే ఎక్కువ తిట్లు తిన్నది ఎర్రజుట్టు కుర్రవాడొకడు. ఈ నిజం నాకు అప్పుడే తెలుసు. కోపానికి అడ్డొస్తుందని పక్కన పెట్టాను.

ఖమ్మం నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటూ, పదేళ్ళుగా రేసులు చేస్తున్న ఒక అన్న పరిచయమయ్యారు. మూడు శనివారాలు నన్ను తన వెనక తిప్పుకున్నారు. "తమ్ముడూ, ఇక్కడ మర్యాద అంటే మంచితనం కాదు. నువ్వు ఇప్పుడేం చేయబోతున్నావో వెనకవాడికి ముందే తెలియాలి, అంతే" అన్నారు. ముందువాడి చాటున తొక్కితే దాదాపు మూడో వంతు శ్రమ మిగులుతుంది. ఆ మిగులు కోసం గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో చక్రానికీ చక్రానికీ మధ్య జానెడు దూరం ఉంచుతారు. నీ ముందు చక్రం అవతలివాడి వెనక చక్రం పక్కకు చేరిందా, అతను కాస్త జరిగితే పడేది నువ్వే. అతనికి దాదాపు ఏమీ కాదు. నీ వెనక వచ్చేవాళ్ళు మాత్రం నీ మీదుగా పడతారు. కూర్చున్నవాడు అమాంతం లేచి నిలబడి తొక్కితే సైకిలు ఆ క్షణంలో కొద్దిగా వెనక్కి వస్తుంది. జానెడు దూరంలో ఆ కొద్దిపాటే చాలు. అందుకే లేచేముందు గేరు మార్చి, పెడలు మీద బరువు వదలకుండా లేవాలి. అన్న ఇది నాచేత ఒక చర్చి పార్కింగు స్థలంలో యాభైసార్లు చేయించారు. చర్చికి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి ఏమనుకున్నారో.

గుంపుకు ముందు తొక్కే వంతు వచ్చినప్పుడు ఉత్సాహంతో వేగం పెంచకూడదన్నది మాత్రం తలకెక్కడానికి చాలాకాలం పట్టింది. బలం చూపిస్తే మెచ్చుకుంటారనుకునేవాణ్ణి. వెనక నలుగురి ఊపిరి ఎగబీల్చేలా చేసినవాణ్ణి ఎవరు మెచ్చుకుంటారు?

మే నెలలో పల్లెరోడ్ల మీద డెబ్బై కిలోమీటర్ల రేసు. రోడ్డు మూసివేయరు, ఎదురుగా వాహనాలు వస్తుంటాయి, కాబట్టి మధ్యలోని పసుపు గీత దాటితే అనర్హులే. మన వైపు రోడ్డు వెడల్పు సుమారు మూడున్నర మీటర్లు. ఆ రోజు దక్షిణపు గాలి ఈదరగొడుతోంది. పడమటికి తిరగగానే గాలి ఎడమనుంచి తగిలింది. ముందున్నవాళ్ళు పసుపు గీత పక్కనుంచి కుడి అంచుదాకా ఏటవాలుగా, ఒకరి కుడిభుజం చాటున మరొకరు చేరారు. అలా ఆరుగురు పడతారు. ఏడోవాడికి చాటు లేదు, కంకర అంచున ఒంటరిగా గాలి మింగాలి.

ఆ ఏడోవాణ్ణి నేను. నా ముందున్న ఎర్ర జెర్సీ అతని కుడిపక్కన చోటు ఉందనుకుని జొరబడబోయాను. అతను మోచెయ్యి కదపకుండా నన్ను కంకర మీదికి వెళ్ళనిచ్చాడు. ఏదో అన్నాడు, గాలికి వినపడలేదు. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ కంకర. పది నిమిషాలు నాలుక పిడచకట్టుకుపోయేలా తొక్కుతూ అతని నడుమును చూస్తూ పళ్ళు కొరికాను. అచ్చతెలుగులో తిట్టాను. అక్కడ నా బూతులు అర్థమయ్యేవాడు ఒక్కడూ లేకపోవడం కూడా కోపాన్ని పెంచింది.

రోడ్డు ఉత్తరానికి తిరిగింది. గాలి వెన్నుకు మళ్ళి గుంపు విచ్చుకుంది. నేను పక్కనుంచి వెళ్ళి, సరిగ్గా ఎర్ర జెర్సీ ముందు చేరి, బ్రేకు నొక్కాను. కాస్తే. ఒక్కసారే. అతను తప్పించుకున్నాడు. వెనకనుంచి రబ్బరు రాసుకున్న చప్పుడు, తర్వాత గడ్డిలో ఏదో పడ్డ చప్పుడు. నేను వెనక్కి చూడలేదు. మోటారుసైకిలు మీద వస్తున్న రిఫరీ చూశారు.

ఫలితాల కాగితం అంటించినప్పుడు నా నంబరు అన్నిటికన్నా కింద, అనర్హుల గడిలో ఉంది. అభ్యంతరం ఉంటే పావుగంటలోపు రాసి ఇవ్వాలి. కారు మీద కాగితం పెట్టి మొదలుపెట్టాను: అతను నన్ను రెండుసార్లు రోడ్డు దించాడు, ప్రమాదకరంగా తొక్కాడు... అన్న వచ్చి భుజం మీదుగా చదివారు. ఫోనులో ఒక వీడియో చూపించారు. 2010 టూర్ డి ఫ్రాన్స్, ఆరో అంచె అయ్యాక కార్లోస్ బరెడో అనే రేసరు తన సైకిలు ముందు చక్రం ఊడదీసి, దానితో మరో రేసరు రూయి కోస్టాను కొడుతున్నాడు. నవ్వొచ్చింది. "ఇద్దరికీ జరిమానా వేశారు" అన్నారు అన్న. తర్వాత అదే గొంతుతో, "ఆరుగురు పట్టే చోట ఏడోవాడికి చోటు ఇవ్వలేదని ఫిర్యాదు రాస్తున్నావా? వెనకున్న నలుగుర్ని కలుపుకొని రెండో వరస వేసుకోవాలి. బహుశా అతను అన్నదీ అదే" అన్నారు.

నేను మాట్లాడలేదు.

"గడ్డిలో పడినవాడు ఎవరో చూశావా?"

చూడలేదు. కారుల వరస చివర, మడత కుర్చీలో ఒకతను కూర్చుని ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, గడ్డం నెరిసింది. మోచెయ్యి, తుంటి గీరుకుపోయాయి, అంతకుమించి దెబ్బల్లేవు. సైకిలు తలకిందులుగా పెట్టి, టైరులోంచి ఒక్కొక్కటే ముళ్ళు పీకుతున్నాడు. దగ్గరికి వెళ్తే గుర్తుపట్టాను. పల్లేరుకాయలు. చిన్నప్పుడు కంది చేల గట్ల మీద చెప్పుల్లేని కాళ్ళలో దిగిన అవే కాయలు, అవే కొమ్ములు. ఇక్కడివాళ్ళు మేకతల అంటారు. రెండు చక్రాల్లోనూ గాలి పోయింది.

బ్రేకు వేసింది నేనేనని చెప్పాను. అతను తలెత్తి చూసి, తిట్టకుండా, "ఎందుకు?" అని అడిగాడు. జవాబు లేదు. ఉన్నదల్లా ఆ సగం రాసిన కాగితం. దాన్ని జేబులో కుక్కి, నా రెండు ట్యూబులూ తెచ్చి, పక్కన గొంతుక్కూర్చుని ముళ్ళు పీకాను. పదహారో, పదిహేడో. ఒకటి నా బొటనవేలిలో విరిగింది. అతను ఆ ముక్కను చూసి చిన్నగా తల ఊపాడు, క్షమించాడని మాత్రం చెప్పలేను. పావుగంట ఎప్పుడో దాటిపోయింది.

ఆ రోజు ఎర్ర జెర్సీ అతని దగ్గరికి వెళ్ళలేకపోయాను. మూడు వారాల తర్వాత మంగళవారం రేసులో ఎదురుపడితే చెప్పాను. "రెండో వరస వెయ్యమని రెండుసార్లు అరిచాను కదా" అన్నాడు అతను.

సెప్టెంబరు చివరి మంగళవారం. మూడో మలుపు దాటాక నా వెనక చక్రానికి కుడిపక్కన ఒక ముందు చక్రం నీడ కనిపించింది. జానెడు కాదు, బెత్తెడు లోపలికి వచ్చేసింది. "చక్రం!" అని అరిచాను. నీడ కదలలేదు. ఇంకా గట్టిగా అరిచాను, ఆ గొంతు నాకే కొత్తగా వినిపించింది. కుర్రవాడు వెనక్కి తగ్గాడు గానీ, మిగతా చుట్లన్నీ నన్ను కళ్ళతో కాలుస్తూనే ఉన్నాడు.

రేసు అయ్యాక హెల్మెట్ తీయకుండానే నావైపు నేరుగా వస్తున్నాడు. ముఖం ఎర్రబడింది. నంబరు నాలుగు పిన్నీసుల మీద వేలాడుతోంది, ఒక మూల ఊడింది కూడా. నేను సంచి తెరిచి పిన్నీసుల డబ్బా కోసం వెతికాను.