ఎక్కడికీ పోలేదు వాళ్ళు

పెద్దాడి స్కూల్లో మధ్య అమెరికా వైపు మాయా నాగరికత మీద పోస్టర్ చెయ్యమన్నారు. చేస్తాడు, వాడికి ఇలాంటివి ఇష్టమే. నన్ను ఇంత రాత్రి దాకా కూర్చోబెట్టింది దాంతోపాటు ఇచ్చిన కాగితం. పైన పెద్దక్షరాలతో "అదృశ్యమైన మాయా జాతి రహస్యం" అని వాళ్ళే అచ్చేసి ఇచ్చారు. కింద నాలుగు గళ్ళు: పిరమిడ్లు, క్యాలెండర్, నరబలులు, ఎలా అదృశ్యమయ్యారు. వాటిని నింపుకుని రావాలట. వేల ఏళ్ళుగా బతుకుతున్న మనుషులకి నాలుగే నాలుగు గళ్ళిచ్చి అందులో సగం చావులకి కేటాయించారు. ఆయనకి చూపిస్తే "ఏడో క్లాసు పోస్టర్‌కి ఇంత టెన్షన్ ఎందుకు" అన్నారు. ఏడో క్లాసులో బుర్రకెక్కిందే కదా జన్మంతా ఉండిపోయేది!

అసలు ఎవరు అదృశ్యమయ్యారు? గ్వాటెమాలాలో, మెక్సికోలో, బెలీజ్‌లో ఈ పూట కూడా లక్షల మంది మాయా భాషల్లో మాట్లాడుకుంటున్నారు. ఒక భాష కాదు, దాదాపు ముప్ఫై ఉన్నాయి: కిచే, మామ్, కెక్చి, యుకటెక్, ఇంకా ఎన్నో. 1992లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న రిగొబెర్తా మెంచూ కిచే మనిషి. అంత దూరం ఎందుకు, మేం వారం వారం కూరలకి వెళ్ళే కాలిఫోర్నియా ఓక్లాండ్‌లోనే గ్వాటెమాలా కొండల్లోని తోదోస్ సాంతోస్ వైపు నుంచి వచ్చిన మామ్ కుటుంబాలు బోలెడున్నాయి. ఆ ఇంటి పిల్ల ఒకత్తి ఈ క్లాసులో ఉంటే, మీ జాతి ఎలా అంతరించిందో రాసి రంగులేసి తీసుకురా అంటారా ఆ పిల్లని కూడా?

చిన్నది పుట్టినప్పటి సంగతి ఇక్కడ ఎప్పుడూ పూర్తిగా రాయలేదు. ఆస్పత్రిలో ఒక గదికి ఇద్దరం. తెర అవతల మంచం మీద ఓ మామ్ అమ్మాయి, తొలి కాన్పు. మామ్ అని అప్పటికి నాకూ తెలీదు, నర్సులకీ తెలీదు. వాళ్ళు స్పానిష్‌లో ఏం అడిగినా "సీ", అంటే అవును, అనేది. నొప్పిగా ఉందా, సీ. నొప్పి తగ్గిందా, సీ. పాపం నర్సు అన్నీ రాసుకుని వెళ్ళిపోయేది. మా అమ్మ నాకు పురుడు పొయ్యడానికి వచ్చి, ఆ వారమంతా ఇంగ్లీషుకి అచ్చం అలాగే తలూపుతోంది కాబట్టి ముందు తనకే అర్థమయ్యింది. "ఆ పిల్లకి వాళ్ళు చెప్పేది ఒక్క ముక్క తెలీట్లేదే" అంది. సాయంత్రం డ్యూటీకి వచ్చిన పెద్ద నర్సు ఒకావిడ "మామ్?" అని అడిగాక ఆ అమ్మాయి ముఖం మారింది. ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి చివరికి మామ్ తెలిసిన దుబాసీని లైన్లోకి తెచ్చారు. మంచం మీద పెట్టిన స్పీకర్‌లోంచి తన భాష వినపడగానే ఆ పిల్ల మొదలుపెట్టింది, ఇంక ఆపలేదు, పగలంతా లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చినట్టుంది. తెర ఇవతల అమ్మ కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది.

ఇంకోటి, ఐసు నీళ్ళు. ఇక్కడ కాన్పు అవ్వగానే పెద్ద గ్లాసు నిండా ఐసు ముక్కలేసి తెచ్చిపెడతారు కదా, "బాలింతకి ఐసేంటి" అని అమ్మ నా గ్లాసు తీసి దూరంగా పెట్టేసింది. అవతల ఆ అమ్మాయి కూడా తన గ్లాసు ముట్టలేదు. తర్వాత వాళ్ళ అత్తగారో ఎవరో ఫ్లాస్కులో మొక్కజొన్న జావ పట్టుకొచ్చారు, వేడివేడిగా. ఆవిడ, మా అమ్మ, ఇద్దరికీ కలిసే భాష లేదు. అమ్మ చెవులకి గుడ్డ కట్టుకోవాలని సైగ చేస్తే ఆవిడ నవ్వుతూ కోడలి తలకి చుట్టిన బట్ట చూపించింది. మామ్ ఇళ్ళ పక్కన చిన్న ఆవిరి గది ఉంటుందని, దాన్ని చూహ్ అంటారని, బాలింతకి అందులో వేడి పట్టిస్తారని తర్వాత చదివాను. అమ్మకి ఫోన్లో చెప్తే "మరి! లేకపోతే బాలింతకి నడుం నిలుస్తుందా" అంది, అందులో వింతేమీ లేనట్టు. గ్వాటెమాలా కొండల్లో 260 రోజుల పంచాంగాన్ని రోజు తప్పకుండా లెక్కపెట్టే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు, పుట్టిన రోజును బట్టి పిల్లల స్వభావం చెప్తారు. బిడ్డ కడుపులో ఉండే కాలం నుంచే ఆ 260 వచ్చిందని వాళ్ళలో కొందరి మాట. ఇదంతా ఏ గడిలో పట్టించాలి నేను?

క్యాలెండర్ గడి అంటే గుర్తొచ్చింది. 2012లో మన టీవీ చానెళ్ళు డిసెంబర్ 21 యుగాంతం అని రోజూ ఊదరగొట్టి ఊళ్ళో ముసలివాళ్ళని హడలగొట్టాయి కదా. ఆ రోజు జరిగిందల్లా క్రీ.పూ. 3114లో మొదలైన వాళ్ళ దీర్ఘ లెక్కలో పదమూడో బక్‌తున్ పూర్తవడమే, ఒక్కో బక్‌తున్‌కి 1,44,000 రోజులు. మర్నాడు లెక్క మళ్ళీ నడిచింది. పాలెంకే రాజు పకాల్ గుడి శాసనంలో క్రీ.శ. 4772 నాటి తేదీ కూడా ఉంది. అంత ముందుకి లెక్క కట్టినవాళ్ళు 2012తో సరి అని ఎందుకంటారు!

పెద్దాడితో కాసేపు బాగా గడిచింది కూడా. మాయా అంకెలు రాసి చూశాం: చుక్క ఒకటి, గీత ఐదు, గవ్వ సున్నా, పంతొమ్మిది దాటితే పై వరస. ఆకాశంలో శుక్రుడు మళ్ళీ అలాగే కనపడటానికి వాళ్ళ లెక్కలో 584 రోజుల చుట్టు, అలాంటివి ఐదైతే 2,920, సరిగ్గా 365 రోజుల ఏళ్ళు ఎనిమిది. వాడే గుణించి చూసుకుని గట్టిగా అరిచాడు.

నాలుగో గడి కొట్టేయించాలనే అనుకుంటూ ఇంతదాకా రాశాను. ఇప్పుడు వద్దనిపిస్తోంది. దక్షిణాన ఊళ్ళు ఖాళీ అయినమాట నిజం. టికాల్‌లో తేదీ చెక్కిన చివరి రాయి 869 నాటిది. తోనినాలో 909 నాటి రాయి తర్వాత ఆ దీర్ఘ లెక్కలో తేదీ వేసిన శాసనం ఇంకెక్కడా దొరకలేదు. వరస కరువులు, రాజుల మధ్య ఆగని యుద్ధాలు, వాన తెప్పిస్తామన్న రాజుల మీద నమ్మకం పోవడం, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. అంత కష్టం పడి ఊరు వదిలినవాళ్ళ గురించి అసలేమీ జరగలేదన్నట్టు రాయడం కూడా అన్యాయమే. కాబట్టి గడి ఉండనీ, "ఎందుకు ఊళ్ళు వదిలారు, ఎక్కడికి వెళ్ళారు" అని మారుద్దాం. ఉత్తరాన చిచెన్ ఇట్సా, ఆ తర్వాత మాయాపాన్ వెలిగాయి. సరస్సు మధ్యలోని మాయా ఊరు నోహ్‌పెతేన్ 1697 దాకా స్పెయిన్‌కి లొంగలేదు.

పుస్తకాలకి మాత్రం ఐదో గడి గీయిస్తాను. 1562 జులై 12న యుకటాన్‌లోని మానిలో దియేగో దె లాందా అనే పాదిరీ మాయా పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టించాడు. మర్రి జాతి చెట్ల పట్టతో కాగితం చేసి, సున్నం పూసి, మడతలు పెట్టి రాసుకున్నవి. వాటిని కాల్చామని, జనం విపరీతంగా దుఃఖపడ్డారని తనే రాసుకున్నాడు. అదే మనిషి నమోదు చేసి ఉంచిన కొన్ని అక్షరాల ఆధారంతోనే 1952లో లెనిన్‌గ్రాడ్‌లో యూరీ క్నోరొజోవ్ ఆ లిపి గుట్టు విప్పడం మొదలుపెట్టాడు. అది తెలిసినా లాందా మీద నా కోపం తగ్గట్లేదు. ఆ పాత పుస్తకాల్లో ఇప్పుడు మిగిలినవి నాలుగు, వాటిలో మూడు డ్రెస్డెన్, మాడ్రిడ్, పారిస్‌లలో ఉన్నాయి.

ఇది చెప్తే పెద్దాడు "కాలిపోయిన వాటిల్లో ఏముందో ఎవరికీ గుర్తులేదా" అన్నాడు. కిచే పెద్దలు తమ కథల్ని స్పానిష్ వాళ్ళ అక్షరాల్లో, తమ భాషలోనే రాసిపెట్టారని, దాని పేరు పోపొల్ వూహ్ అని చెప్పాను. రేపు సాయంత్రం కలిసి చదవాలి. దేవుళ్ళు మట్టితో, చెక్కతో చేసి చూసి కుదరక చివరికి మొక్కజొన్న పిండితో మనుషుల్ని చేసిన చోట మొదలుపెడతాను, అక్కడైతే చిన్నది కూడా వచ్చి కూర్చుంటుంది.