తిట్టిన చేత్తోనే చెక్కు

పడుకుందామని లైటు తీసేశాను. నిద్ర రాలేదు. రాసేస్తేగాని ఇది వదిలేలా లేదు.

"అందరూ అంతేలే." రాత్రి భోజనాల దగ్గర మా ఆయన అన్న మాట ఇది. చారన్నం కలుపుకుంటూ, తల కూడా ఎత్తకుండా అన్నారు. ఈ మాట ఆయన ఎన్ని సందర్భాల్లో అంటారో ఇక్కడికి వచ్చేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇవాళ మాత్రం ముల్లులా దిగింది. పక్కనే నాని ఉన్నాడు, వాడు అప్పుడే ఏదో కొత్త సంగతి కనుక్కున్న ఉత్సాహంలో ఉన్నాడు. పదహారేళ్ల పిల్లాడికి లోకం గురించి ఒక అనుమానం వచ్చినప్పుడు, దాన్ని ఒక్క మాటతో ఆర్పేయడం నాకు నచ్చలేదు.

సంగతేమిటంటే, వాడికి స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. అమెరికాలో ఫెడరల్ ఎన్నికల కమిషన్ సైట్లో చందాల జాబితా ఉంటుంది. ఎవరు, ఎవరికి, ఏ తేదీన, ఎంత ఇచ్చారో అన్నీ ఉంటాయి. మొత్తం 200 డాలర్లు దాటితే ఇచ్చినవాళ్ల పేరుతోపాటు చేసే ఉద్యోగం, పనిచేసే కంపెనీ కూడా ఎక్కాల్సిందే. పేరున్న కంపెనీనో మనిషినో ఎంచుకుని రెండు పేజీలు రాయాలి. వాడు న్యూస్ కార్పొరేషన్ని ఎంచుకున్నాడు. రూపర్ట్ మర్డాక్ కంపెనీ కదా, ఫాక్స్ న్యూస్ 2013 దాకా వాళ్లదే కదా, వరసపెట్టి రిపబ్లికన్ పేర్లే ఉంటాయి, పని గబగబా తెమిలిపోతుందని వాడి లెక్క. కాసేపటికి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "అమ్మా, ఇందులో హిల్లరీ క్లింటన్ ఉంది!"

ఆవిడ డెమోక్రాట్. అయినా ఉంటుంది మరి. 2006 జులైలో మర్డాక్ హిల్లరీ సెనేట్ ఎన్నిక కోసం న్యూయార్క్‌లోని తన ప్రధాన కార్యాలయంలో విరాళాల కార్యక్రమం పెట్టాడు. ఆ సంగతి బయటికొచ్చినప్పుడు మేం ఇక్కడే న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్నాం, రైల్లో న్యూయార్క్ వెళ్లొచ్చే రోజులు. అప్పట్లో సీట్ల మీద ఎవరో చదివి వదిలేసిన న్యూయార్క్ పోస్ట్ కాపీ ఒకటి ఎప్పుడూ ఉండేది. ఆ పత్రికా మర్డాక్‌దే. 1976లో కొన్నాడు, మధ్యలో చట్టం అడ్డొచ్చి అమ్మాడు, 1993లో మళ్లీ చేజిక్కించుకున్నాడు. 2000లో హిల్లరీ మొదటిసారి సెనేట్‌కి నిలబడినప్పుడు ఆవిడ మీద ఆ పత్రిక పోసిన విషం ఇంతా అంతా కాదు. ఫాక్స్ న్యూస్ సంగతి సరేసరి. అలాంటి ఇంటి యజమాని ఆవిడ కోసం అతిథుల్ని పిలిచి చెక్కులు రాయించాడు.

ఇదంతా నానికి చెబుతుంటేనే పడింది ఆ మాట. "అందరూ అంతేలే. వ్యాపారస్తుడన్నాక రెండు వైపులా పెడతాడు. మన మేఘా వాళ్లు ఇవ్వలేదా?" అన్నారు.

ఇచ్చారు. హైదరాబాద్ కంపెనీయే. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు, పేరు బయటపడకుండా పార్టీలకి చందాలిచ్చే ఎన్నికల బాండ్లను కొట్టేశాక మార్చిలో వివరాలు బయటపడ్డాయి. మేఘా ఇంజనీరింగ్ 966 కోట్ల బాండ్లు కొంది, దేశం మొత్తంలో రెండో స్థానం. అందులో ఎక్కువ బీజేపీకి, తర్వాత బీఆర్ఎస్‌కి వెళ్లాయి. వైఎస్సార్‌సీపీకీ వెళ్లాయి, తెలుగుదేశానికీ వెళ్లాయి, కాంగ్రెస్‌కీ వెళ్లాయి. మా ఆయన చెప్పింది అంతవరకు నిజమే, కాదనను.

కానీ కాలువలు తవ్వే కంపెనీ రోజూ పొద్దున్నే నా గుమ్మంలోకి వచ్చి ఫలానావాడు దుర్మార్గుడు, వాడికి ఓటేస్తే నీ పిల్లల నోట్లో మట్టే అని చెప్పదు. పత్రిక చెబుతుంది, టీవీ చెబుతుంది. ఆ తేడా మా ఆయనకి తెలియదని కాదు. తెలిసి కూడా మజ్జిగ గ్లాసు ముందుకు జరిపి లేచిపోయారు. ఆ లేచిపోవడమే నన్ను ఇప్పటిదాకా మేలుకునేలా చేసింది.

ఎందుకింత పట్టింపు అంటే, నాన్న.

1984 ఆగస్టు. తెనాలి. ఎన్టీఆర్ గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి తిరిగొచ్చాడో లేదో, గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని దింపేసి నాదెండ్ల భాస్కరరావుని ముఖ్యమంత్రిని చేశాడు. ఆగస్టు 16న. నేను చిన్నపిల్లని, నాకు గవర్నరంటే ఏమిటో తెలియదు. నాన్న మొహం మాత్రం తెలుసు. తెల్లారకముందే లేచి బస్టాండుకి నడిచివెళ్లేవాడు, పేపరు కట్టలు అక్కడ దిగేవి. ఇంటికి వచ్చేదాకా ఆగేవాడు కాదు, దార్లోనే మొదటి పేజీ అయిపోయేది. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని సంపాదకీయం గట్టిగా చదివేవాడు. ఎదురింటి పంతులుగారు, కిళ్లీకొట్టు ఆయన, పాలు పోయడానికి వచ్చిన కోటమ్మ, అందరూ నిలబడి వినేవాళ్లు. నాన్న గొంతు మామూలుగా మెత్తన. పేపరు చదివేటప్పుడు మాత్రం కంచులా మోగేది. కొన్ని వాక్యాలు రెండేసిసార్లు చదివేవాడు, రెండోసారి తనే రాసినట్టు చదివేవాడు.

బాబాయి కాంగ్రెస్. మా రెండిళ్లకీ ఒకటే నుయ్యి, ఒకటే దొడ్డి. మొదట్లో వేళాకోళాలే. బాబాయి పళ్లు తోముకుంటూ వచ్చి "ఏంటన్నయ్యా, ఇవాళ మీ వేదం ఏమంటోంది?" అనేవాడు. నాన్న నవ్వేవాడు కూడా. నెల తిరిగేసరికి ఆ నవ్వు పోయింది. ఒకరోజు నాన్న చదువుతుంటే బాబాయి వచ్చి పేపరు లాక్కుని దొడ్లో విసిరేశాడు. నాన్న చెయ్యెత్తాడు. కొట్టలేదు, చెయ్యెత్తాడంతే. పిన్ని ఏడుపు, అమ్మ మధ్యలోకి రావడం, నానమ్మ గడపలో కూలబడిపోవడం నాకు ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాడు. ఊరంతా టపాకాయలు కాల్చారు. మా దొడ్లో తడికె లేచింది. అక్క పెళ్లికి బాబాయి రాలేదు, పిన్నిని పంపించాడు. పిన్ని పెళ్లి పీటల దగ్గర కూర్చోకుండా వంటశాలలోనే ఉండి, అప్పగింతలు కాకముందే వెళ్లిపోయింది. హైదరాబాద్‌లో అటు నాయకులు ఇటు, ఇటు నాయకులు అటు తిరిగారు. ఒకరి ఇళ్లల్లో పెళ్లిళ్లకి ఒకరు వెళ్లి ఫోటోలు దిగారు. మా తడికె మాత్రం అలాగే ఉండిపోయింది.

కోపం చదువరి ఇంట్లో అలా నిలిచిపోతుంది. పత్రిక యజమానికి ఒక పొద్దుటి పని, చదివినవాడికి జీవితం. న్యూయార్క్ పోస్ట్ చదివి ఆవిణ్ణి ద్వేషించినవాళ్లలో ఎంతమంది ఇళ్లల్లో తడికెలు లేచాయో. వాళ్లెవరూ ఆ 2006 జులై కార్యక్రమానికి ఆహ్వానం అందుకున్నవాళ్లు కాదు.

ఇక్కడిదాకా రాసి లేచివెళ్లి అత్తయ్యగారికి మాత్ర ఇచ్చి వచ్చాను. మోకాలు ఇవాళ కాస్త నయం. పెరట్లో గోంగూర మొలిచింది చూశావా అని అడిగారు. చూశాను. రేపు అందరికీ చెబుతా.

వచ్చి కూర్చుంటే ఇంకో రకంగా ఆలోచన సాగింది. మర్డాక్ చేసింది రహస్యమేం కాదు. రెండు నెలల ముందే పేపర్లలో వచ్చింది. ఆవిడ న్యూయార్క్ సెనేటర్, ఆయన కంపెనీ న్యూయార్క్‌లో ఉంది. తన ప్రతినిధితో పరిచయం కలుపుకోవడం తప్పా? పోస్ట్ కూడా ఆ ఏడాది సెనేట్ ఎన్నికలో ఆవిడకే ఓటేయమని రాసింది. అంటే పత్రిక ఒకటి చెప్పి యజమాని ఇంకొకటి చేశాడని పూర్తిగా అనడానికీ లేదు. నిజానికి బద్ధశత్రువులు ఒక బల్ల దగ్గర కూర్చుంటే మంచిదే కదా. నాన్నా బాబాయీ అలా ఒక్కసారి కూర్చుని ఉంటే! ఇంకో మాట, యజమాని డబ్బు ఒకవైపు, పత్రిక రాత ఇంకోవైపు ఉందంటే, సంపాదకుల చేతులు యజమాని కట్టేయలేదని అర్థం కావచ్చు. అలాంటి పత్రిక ఎక్కడైనా ఉంటే నేను లేచి దణ్ణం పెడతాను.

ఇలా అనుకుని కాసేపు మనసు కుదుటపడింది. తర్వాత నాని తీసిపెట్టిన కాగితాలు మళ్లీ చూశాను.

2007లో మర్డాక్ బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ ముందు తనే చెప్పాడు. ఎన్నికల్లో ఏ పార్టీని బలపరచాలి అనేలాంటి పెద్ద విషయాల్లో అక్కడి తన సన్, న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రికల మీద పెత్తనం తనదేనని. ఆ సన్ 1992లో కన్సర్వేటివ్‌ల పక్షం, 1997లో వాళ్ల ప్రత్యర్థి, లేబర్ పార్టీ నాయకుడు టోనీ బ్లెయిర్ పక్షం. మధ్యలో 1995లో బ్లెయిర్ ఆస్ట్రేలియాలోని హేమన్ దీవి దాకా ఎగిరివెళ్లి మర్డాక్ కంపెనీ సమావేశంలో మాట్లాడి వచ్చాడు. పోస్ట్ సంగతి చూడండి. 2006లో హిల్లరీకి మద్దతు. 2008 జనవరిలో అధ్యక్ష అభ్యర్థి కోసం డెమోక్రాట్ల లోపలి పోటీ వచ్చేసరికి ఆవిణ్ణి తిట్టి ఒబామాకి మద్దతు. అదే ఏడాది సెప్టెంబరుకి ఒబామాని వదిలి రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్. వీటి వెనక చదువరి అదే వేగంతో తిరగగలడా? నాన్న తిరగలేడు.

పరిచయం దేనికో కూడా వెతికితే తెలుస్తుంది. ఒక కంపెనీ టీవీ స్టేషన్లు దేశంలో ఎంత శాతం ఇళ్లకి చేరవచ్చనే పరిమితి అప్పట్లో 35. దాన్ని 45 చేద్దామని 2003లో ఎఫ్‌సీసీ అనే ప్రసారాల కమిషన్ తీర్మానిస్తే గొడవై, చివరికి 2004లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, 39 దగ్గర ఆపింది. మర్డాక్ అప్పటికే 35 దాటి ఉన్నాడు, 39 అయితే ఒక్క స్టేషనూ అమ్మక్కర్లేదు. అదే ఏడాది టీవీ ఎంతమంది చూస్తున్నారో లెక్కగట్టే నీల్సన్ సంస్థ రేటింగుల లెక్క మార్చబోతే తమ స్టేషన్లకి నష్టమని న్యూస్ కార్పొరేషన్ ఉద్యమం నడిపింది. ఆ ప్రచారం నడపడానికి పెట్టుకున్న సంస్థ క్లింటన్ల దగ్గర పనిచేసినవాళ్లు పెట్టిందే. హిల్లరీ కూడా నీల్సన్‌ని తప్పుపట్టింది. ఇక చెక్కులో వింతేముంది.

పుచ్చుకున్నవాళ్ల సంగతీ అంతే. 2007 ఆగస్టులో మర్డాక్ వాల్ స్ట్రీట్ జర్నల్ కొంటున్న రోజుల్లో, అధ్యక్ష అభ్యర్థిత్వానికి హిల్లరీతో పోటీపడుతున్న డెమోక్రాట్ జాన్ ఎడ్వర్డ్స్ లేచి మర్డాక్ మనుషుల డబ్బు ఎవరూ ముట్టుకోకూడదు, తీసుకున్నవాళ్లు తిరిగివ్వాలి అన్నాడు. హిల్లరీకి న్యూస్ కార్పొరేషన్ పెద్దల నుంచి 20,000 డాలర్ల పైచిలుకు వచ్చిందని వేలెత్తి చూపించాడు. మర్నాటికల్లా కంపెనీ ఎడ్వర్డ్స్ లెక్క బయటపెట్టింది. తమ హార్పర్‌కాలిన్స్ ప్రచురించిన పుస్తకానికి ఎడ్వర్డ్స్‌కి 5 లక్షల డాలర్ల అడ్వాన్సు, ఖర్చులకి ఇంకో 3 లక్షలు ఇచ్చామని. అడ్వాన్సు దానధర్మాలకి ఇచ్చేశానని ఆయన చెప్పుకున్నాడు.

నాని ఇది చదివి పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఇదే "అందరూ అంతేలే"కి బలం ఇచ్చే కథ. మా ఆయన చేతికి నేనే కర్ర ఇచ్చినట్టుంది.

కానీ అందరూ అంతే అయితే ఈ లెక్కలు రాయమని చట్టం ఎందుకు చేసినట్టు? కంపెనీ ఖజానా నుంచి ఫెడరల్ అభ్యర్థికి నేరుగా డబ్బివ్వకూడదని 1907లోనే చట్టం తెచ్చారు. అందుకే పెద్దలు సొంత పేర్ల మీద చెక్కులు రాస్తారు, అందుకే పిల్లాడి కంటపడ్డాయి. 2010లో న్యూస్ కార్పొరేషన్ రిపబ్లికన్ గవర్నర్ల సంఘానికి ఏకంగా 10 లక్షల డాలర్లు ఇచ్చింది, అదీ బయటపడింది. మన బాండ్లు 2018 నుంచి ఆరేళ్లపాటు ఇచ్చినవాడి పేరు జనానికి తెలియకుండా దాచాయి. తెలిస్తే ఏమవుతుంది అంటారు మా ఆయన. తెలిస్తే నాని వంటింట్లోకి పరిగెత్తుకొస్తాడు. నాకు అదే పెద్ద విషయం.

రెండువైపులా డబ్బివ్వొద్దని నేననను. ఆ కోపం ఇంత సేపట్లో తగ్గింది. నాకు కావాల్సింది ఒకటే. ఒక అభ్యర్థిని తిడుతూనో పొగుడుతూనో సంపాదకీయం వేసినప్పుడు, దాని కిందే అదే సైజు అక్షరాల్లో మా యజమాని ఈ అభ్యర్థికి ఇంత ఇచ్చారు, ఫలానా తేదీన, అని వేయాలి. టీవీలో అయితే అరుస్తున్నవాడి మొహం కింద నడిచే పట్టీలో రావాలి. అమెరికాలో వేయాలి, మన దగ్గరా వేయాలి. నాని వ్యాసం చివర ఇదే రాయమన్నాను. మా ఆయన గదిలోంచే "అవన్నీ ఎవడు చదువుతాడు" అన్నారు.

నాన్న చదివేవాడు. రెండుసార్లు చదివేవాడు. తర్వాత బాబాయిని పిలిచి వినిపించేవాడు.